కొట్టివేతలు

మా ఆఫీసులో ఒక ఆచారం ఉన్నది. ఉత్తరం కంప్యూటరు మీద తయారైనా సరే, ముందుగా దాని చిత్తుప్రతిని కాగితం మీదికి దించి పైఅధికారి బల్ల మీద పెట్టవలసిందే. ఆయన ఎర్రసిరా కలం తీసి అక్కడొక మాట, ఇక్కడొక వాక్యం కొట్టివేసి వెనక్కి పంపుతారు. ఇరవై రెండేళ్ళ గుమాస్తాగిరీలో నా చేతుల మీదుగా ఎన్ని వేల కొట్టివేతలు శుభ్రప్రతులైనవో లెక్క లేదు. గుమాస్తాకు కొట్టివేత అంటే తప్పు. ఎర్రగీతలు తక్కువ పడ్డ రోజు మంచిరోజు. శుభ్రప్రతి సంతకమై వెళ్ళగానే చిత్తును చింపి బుట్టలో వేస్తాం. ఆ మాటలు ఒకప్పుడు ఉండేవని కూడా ఎవరికీ తెలియదు.

అటువంటి నాకు, కొట్టివేతల గుండా నడిచి చిత్రకారుడైన మనిషి ఒకరున్నారని తెలిసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు. ఆయన పేరు పాఠకులకు కొత్త కాదు. రవీంద్రనాథ ఠాకూరు. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో ఒక మధ్యాహ్నం వేరే పుస్తకం కోసం వెళ్ళి, ఆయన వ్రాతప్రతుల ఫొటోలున్న పుస్తకం చేతికి వస్తే సాయంత్రం దాకా కదలలేదు. నాకు బెంగాలీ రాదు. అందుచేత ఆ పేజీలు నాకు చదువుకొనే పేజీలు కాలేదు, చూసే పేజీలే అయినవి. అదే మంచిదయింది.

ఆయన పద్యం వ్రాస్తూ నచ్చని మాటను మనలాగే కొట్టివేసేవారు. మనం ఒక గీత గీసి ముందుకు పోతాం. ఆయన పోలేదు. పేజీ మీద అక్కడొకటి ఇక్కడొకటిగా పడి ఉన్న కొట్టివేతలు దిక్కులేని పిల్లల్లాగా ఆయన కంటికి అడ్డం వచ్చేవి కాబోలు. వాటిని సిరాతో దట్టంగా నింపి, ఒకదాని నుండి ఇంకొకదానికి గీత సాగదీసి, మూడింటినీ నాలుగింటినీ కలిపేవారు. కలిపేసరికి ముక్కు పొడుగైన పక్షి ఒకటి, పేరు లేని మృగమొకటి, తీగెలాంటిది ఒకటి పద్యం మధ్యలో లేచి నిలబడేది. 1924లో పెరూ దేశానికి ప్రయాణమై దారిలో జబ్బుపడి, అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిర్స్ దగ్గర విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి అతిథిగా ఆయన కొంతకాలం ఆగిపోయారు. ఆ రోజుల్లో వ్రాసిన పద్యాలు తరువాత ‘పూరబి’ అనే సంపుటంలో చేరినవి. ఆ నోటుపుస్తకంలోని కొట్టివేతల బొమ్మలు చూసి, ఇవి ఊరికే గీతలు కావు, చిత్రాలు అని గుర్తుపట్టిన వారిలో ఆమె ఒకరు. 1930లో పారిస్‌లో ఆయన చిత్రాల మొదటి ప్రదర్శన జరగటానికి తోడ్పడినది కూడా ఆమే. అప్పటికి కవిగారికి అరవై తొమ్మిదేళ్ళు. మనలో చాలామంది పింఛను కాగితాలు కూడా సర్ది పెట్టుకొనే వయస్సు. ఆయన 1941లో పోయేనాటికి రెండువేలకు పైగా చిత్రాలు వేశారు.

ఇందులో నాకు పట్టిన సంగతి ఒకటే. ఆయన ‘ఇక బొమ్మలు వేద్దాం’ అని రంగులు కొని మొదలుపెట్టిన మనిషి కారు. వద్దనుకొని కొట్టివేసిన చోటునే చెయ్యి కొంచెంసేపు నిలిచింది. నిలిచిన చెయ్యికి ఏదో కనిపించింది. ముందు ఆలోచన, తరువాత పని అని మనం అనుకొనే వరుస అక్కడ తలక్రిందులయింది.

(మధ్యలో ఒక మాట. ఈనాడు కంప్యూటరు మీద వ్రాసేవారికి ఈ భాగ్యం లేదు. మీట నొక్కితే మాట మాయం. కొట్టివేత మిగలదు, దానిలో పక్షి అసలే మిగలదు. నేను ఇప్పటికీ ఆఫీసు పాత ఫారాల వెనుకవైపున పెన్నుతోనే వ్రాస్తాను. పిసినారితనమని మా ఆవిడ అంటుంది. సగం నిజం.)

సరే, ఠాకూరు రెండు విద్యలూ వచ్చిన మహానుభావుడు, మామూలు చిత్రకారుల సంగతి ఏమిటి అని మీరడగవచ్చు. దీనికి నాకు దొరికిన మంచి సాక్ష్యం ఒక చిత్రకారుడి మాట కాదు, ఒక నవలలోనిది. 1875-77 మధ్య రష్యాలో పత్రికలో వెలువడిన టాల్‌స్టాయ్ ‘అన్నా కరేనినా’లో మిఖైలోవ్ అనే చిత్రకారుడు వస్తాడు. కథకు ఆయన ముఖ్యుడు కాడు, కొన్ని అధ్యాయాలు మాత్రమే కనిపిస్తాడు. ఆ మనిషి ఆ రోజు డబ్బు విషయమై ఇంట్లో భార్యతో పోట్లాడి, కోపంగా వచ్చి పనిలో కూర్చుంటాడు. కోపంతో ఉన్న ఒక మనిషి బొమ్మ వేస్తున్నాడు. అది కుదరటం లేదు. ఇంతకు ముందు వేసి పారేసినదే మేలనిపించి దాని కోసం వెతికితే, ఆ కాగితం పాపకు ఆటవస్తువై, దాని మీద కొవ్వొత్తి మైనం పడి మరక అయి ఉన్నది. దాన్ని బల్ల మీద పెట్టి, వెనక్కి జరిగి, కళ్ళు చికిలించి చూస్తాడు. ఉన్నట్టుండి సంతోషంతో చేతులు ఊపుతాడు. ఆ మరక మనిషికి కొత్త నిలుపు ఇచ్చింది! వెంటనే పెన్సిలు తీసి గీస్తుంటే, తనకు చుట్టలమ్మే దుకాణదారుడి పొడుచుకు వచ్చిన గడ్డం ఎందుకో జ్ఞాపకం వచ్చి, ఆ ముఖాన్నే ఈ బొమ్మకు పెడతాడు. చచ్చిన బొమ్మ బతుకుతుంది.

టాల్‌స్టాయ్ ఈ ఘట్టం ఇంత సూక్ష్మంగా ఎట్లా వ్రాశాడా అని ఆలోచిస్తే, ఆయన చిత్రకారుడి పేరు పెట్టి తన పనినే చెప్పుకొన్నాడనిపిస్తుంది. వ్రాసింది మళ్ళీ మళ్ళీ తిరగ వ్రాసే మనిషి ఆయన. ఆ చిందరవందర ప్రతులను భార్య సోఫియా శుభ్రప్రతులుగా ఎత్తి వ్రాస్తుండేది. గుమాస్తాగా ఆమె మీద నాకు ప్రత్యేకమైన సానుభూతి ఉన్నది.

రంగు పూసి చెరిపిన జాడలు సాధారణంగా మనకు కనిపించవు, పై రంగు వాటిని కప్పివేస్తుంది. కొన్ని సందర్భాలలో మాత్రం అవి ఫొటోలుగా మిగిలినవి. 1937లో పికాసో ‘గుయెర్నికా’ వేస్తున్నప్పుడు డోరా మార్ అనే ఆమె దశదశకూ ఫొటోలు తీసింది. పాతికడుగుల పైచిలుకు పొడుగున్న ఆ చిత్రంలో మొదట నేలపడిన యోధుడి చెయ్యి పిడికిలి బిగించి పైకి లేచి ఉన్నది. తరువాతి దశల్లో ఆ చెయ్యి లేదు. ఎంతో బలమైన పిడికిలి, బహుశా మొదట ఆయనకు అన్నిటికంటే నచ్చినదే అయి ఉంటుంది. తీసివేశాడు. ఇప్పుడు ఆ బొమ్మలో మనం చూసే నిస్సహాయత ఆ పిడికిలి లేకపోవటం వల్లనే మరింత పెరిగిందని నా అభిప్రాయం.

ఇక మన వాళ్ళ సంగతి. రాజమహేంద్రవరం ఆర్ట్సు కాలేజీలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు ప్రిన్సిపాలు ఉండేవాడు. తాను బొమ్మలు వేసేవాడు, పుస్తకాలూ వ్రాసేవాడు. ఆయన చేరదీసిన కుర్రవాళ్ళలో ఒకరు దామెర్ల రామారావు. బొంబాయి వెళ్ళి చిత్రకళ నేర్చి వచ్చి, 1925లో ఇరవై ఎనిమిదో ఏటనే పోయారు. ఇంకొకరు అడివి బాపిరాజు. బాపిరాజుగారు బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ వద్ద చిత్రలేఖనం నేర్చారు, పాటలు కట్టారు, నవలలు వ్రాశారు, సినిమాలకు కళాదర్శకత్వం కూడా చేశారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథవారి ‘వేయిపడగలు’తో పాటు బహుమతిని పంచుకొన్న ‘నారాయణరావు’ ఆయనదే. ఆయన నవలలో మనిషి ప్రవేశిస్తే ముందు చీర అంచు, నగ, వెలుగు ఏ వైపునుండి పడుతున్నదీ చెప్పి తరువాత మాట పలికిస్తారు. ‘హిమబిందు’ చదివినవారికి ఇది తెలుసు. దాచుకోకుండా చెబుతున్నాను, కొన్నిచోట్ల ఆ అలంకారం నాకు ఎక్కువైపోతుంది. చిత్రకారుడి చేతిలోని కుంచె రచయిత చేతిలోని కలాన్ని ఆగనివ్వలేదనిపిస్తుంది. కాని ఆ మనుషులు ఎక్కడ నిలబడ్డారో నాకు ఎప్పుడూ తెలుసు. ఈ మాట మళ్ళీ అక్కరకు వస్తుంది, గుర్తుంచుకోండి.

మన మద్రాసువారికి బాపు, ముళ్ళపూడి వెంకటరమణల సంగతి చెప్పటం తాతకు దగ్గులు నేర్పటమే. మైలాపూరు పి.ఎస్. హైస్కూలులో చదివిన ఇద్దరూ ఒకరు కలమూ ఒకరు కుంచెగా జీవితాంతం కలిసి నడిచారు. రమణగారు 2011లో, బాపుగారు 2014లో వెళ్ళిపోయారు. రమణగారి వాక్యంలో సగం చెప్పి వదిలిన చోట నవ్వు వస్తుంది. బాపుగారి బొమ్మలో గీత ఆపివేసిన చోట మన కన్ను పూర్తిచేసుకొంటుంది. వదిలిపెట్టటం ఇద్దరికీ ఒకే విద్య. దాన్ని కూడా కొట్టివేతలోనే లెక్క వేస్తాను. కాకపోతే అది కాగితం మీద పడకముందే జరిగిన కొట్టివేత.

ఇంతవరకు పుస్తకాలలో దొరికినది. ఇక చెప్పబోయేది మా వీధిలో జరిగినది.

మా ఎదురింట్లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. వీధిలో పిల్లలు ఆర్టిస్టు తాత అంటారు, నేను పెద్దయ్యా అంటాను. ముప్పై ఏళ్ళు సినిమా బ్యానర్లు వ్రాశారు. 2000 తరువాత ఫ్లెక్సు అచ్చులు వచ్చి ఆ వృత్తి పోయింది. వాళ్ళది మూడు తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగు కుటుంబమే. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని, అరవం బడిలో చదివినందున ఆయనకు తెలుగు అక్షరాలు రావు. మనలో ఇది వింత కాదు.

సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆయన పని వివరాలు అడిగేవాణ్ణి. స్టిల్లు ఫొటో మీద సన్నటి గళ్ళు గీస్తారు. పూత పూసి ఆరబెట్టిన గుడ్డ మీద పెద్ద గళ్ళు. సుద్దపొడి పట్టించిన దారాన్ని ఇద్దరు చెరొక కొసా లాగిపట్టి మధ్యలో ఎత్తి టప్పున విడిస్తే గీత పడుతుంది. ఫొటోలోని గడిలో ఉన్నది గుడ్డ మీది గడిలోకి. ఇంతవరకు అది నా ఉద్యోగమే, నకలు తీయటం. అసలు పని ఆ తరువాత ఉన్నది. ఫొటో నలుపు తెలుపు. ముఖానికి గులాబీ, చెంప నీడకు ఆకుపచ్చ, జుట్టు మీద నీలం ఎక్కడినుండి వచ్చినవి?

“అది వేసినాక తెలుస్తాది నాయనా. పొద్దున ఒక రంగు వేస్తా. రోడ్డు దాటి ఎదర పేవుమెంటు మీద నిలబడి సగం కన్ను మూసి చూస్తా. బాగలేకుంటే వచ్చి దాని మీదనే ఇంకోటి తోస్తా. అడుగు రంగు తుడిచేది లేదు. అది లోపలినుంచి రవ్వంత కనపడతా ఉంటే ముఖానికి ప్రాణం.”

గుయెర్నికా పొడుగు చెబితే, “అయితే మా కొట్టాయి బ్యానరంత” అని తీసివేశారు.

చిత్రకారుడు రోడ్డు దాటగలడు. వ్రాసేవాడు తన కాగితం నుండి ఎంత దూరం పోగలడు? మనకు దూరమంటే కాలమే. వ్రాసినది బీరువాలో పడవేసి, మరచిపోయి, ఎవరో వ్రాసిన దానిలాగా మళ్ళీ తీసి చూడాలి. నేను మా అవ్వ మీద ఒక కథ మొదలుపెట్టి మూడేళ్ళు బీరువాలో పెట్టాను. తీసి చూస్తే పెట్టినప్పటికంటే అధ్వాన్నంగా ఉన్నది. అవ్వ మంచితనం, అవ్వ చేతి వంట, అవ్వ భక్తి, అన్నీ ఉన్నవి. అవ్వ లేదు.

ఒకనాడు ఆ కాగితాలు తీసికొని పోయి పెద్దయ్యకు చదివి వినిపించాను. ఆయన ఊఁ కొట్టారు గాని మధ్యలో ఒకసారి, “ఆయమ్మ యాడ నిలబడుండాది? వెలుతుర్లోనా, నీడలోనా?” అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. తొమ్మిది పేజీలు వ్రాశాను, మా అవ్వను ఎక్కడా నిలబెట్టలేదు. బాపిరాజుగారి అలంకారాన్ని వెక్కిరించిన నోరు మూతపడింది.

చదవటం అయినాక ఆయన కాగితాలు ఇవ్వమని చేయి చాచారు. చదవలేని మనిషి ఏమి చేస్తారా అని ఇచ్చాను. ఒక్కొక్క పేజీని చేయి దూరంగా పట్టుకొని, బ్యానరు చూసినట్టే సగం కన్ను మూసి చూశారు. నాలుగో పేజీ దగ్గర ఆగారు.

“ఇదేంది నాయనా, ఈడ కాకి కూర్చోనుండాదే?”

చూస్తే, అక్కడ ఒక వాక్యం కొట్టివేసి ఉన్నది. మిగతా కొట్టివేతలు ఒక్కొక్క గీతే. ఇది మాత్రం అడ్డంగా, నిలువుగా, కాగితం వెనక్కి ఉబ్బేటట్టు రుద్ది రుద్ది నల్లగా చేసి ఉన్నది. “మిగతావన్నీ ఊరికే కొట్టినావు. దీన్ని కోపంగా కొట్టినావు. ఎందుకు?” అన్నారు.

మన నగరంలోనే 1963 నుండి కె.సి.ఎస్. పణిక్కర్ ‘మాటలు, సంకేతాలు’ అనే వరుసలో చిత్రాలు వేశారు. ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలుగా ఉంటూ, 1966లో చోళమండలం కళాకారుల గ్రామానికి పునాది వేసిన మనిషి. ఆ చిత్రాలలో జాతకచక్రాల వంటి గళ్ళు, వాటి చుట్టూ పంక్తులు పంక్తులుగా మలయాళం వ్రాతలాంటి గీతలు. దగ్గరకు పోతే అవి అక్షరాలు కావు, చదవటానికి కుదరదు. అచ్చులో అవి చూసినప్పుడు, చదవలేని వ్రాత వల్ల ఏమి లాభమని అనుకొన్నాను. పెద్దయ్య నా పేజీని పట్టుకొన్న తీరు చూసిన తరువాత సంగతి బోధపడింది. వ్రాత అర్థం కాకముందు కూడా ఏదో చెబుతుంది. అది చెప్పేది మనం దాచినది కూడా కావచ్చు.

నేను దాచినది ఇది. అవ్వ మొలలో మూడు తాళంచెవుల గుత్తి ఎప్పుడూ ఉండేది. అవి మా ఇంట్లో ఏ తాళానికీ పట్టవు. కావలి దగ్గర మా ఊళ్ళో ఇంటివి. ఆ ఇల్లు 1958లో అమ్మివేశారు. ఆ డబ్బుతోనే మా తాత అవ్వను, మా నాయనను మద్రాసు తీసికొని వచ్చి, నాయనను హైస్కూలులో చేర్చి ఫైనలు దాకా చదివించాడు. కొన్నవాళ్ళు కొత్త తాళాలు వేసికొన్నారు. పాత తాళంచెవులు అవ్వ దగ్గర ఉండిపోయినవి. 1994లో ఆమె పోయినప్పుడు వాటిని ఎవరు తీశారో, ఏమి చేశారో తెలియదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఇల్లు అమ్మి చదివించిన కొడుకు నాయన. ఆ కొడుకు కడుపున పుట్టి పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి నేను. నాయనకు ఇప్పుడు ఎనభై ఒక్క ఏళ్ళు. ఈ పత్రిక వచ్చిన రోజే అట్టనుండి అట్టదాకా చదువుతారు. అందుకని ఆ ఒక్క వాక్యం కొట్టివేశాను. దాన్ని తీసిన తరువాత కథలో మంచితనం తప్ప మిగిలినది ఏమీ లేదు.

ఇంటికి వచ్చి ఆ రాత్రి కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టుకొంటే నలుపు క్రింద అక్షరాల గాడి లీలగా కనిపించింది. కొత్త కాగితం తీసి ఆ వాక్యంతోనే మొదలుపెట్టాను. అవ్వ వాకిట్లో, పొద్దున ఎండలో కాదు, తలుపు వెనుక నీడలో నిలబడి మొల తడుముకొంటున్నది. ఆమె అట్లా నిలబడేదని నాకు అంతవరకు జ్ఞాపకమే లేదు. చెయ్యి వ్రాసిన తరువాతనే కంటికి కనిపించింది.

నాలుగు పేజీలయినవి. కాని నాయనకు చెప్పకుండా ఇది అచ్చుకు పంపటం ధర్మం కాదనిపించింది. పోయిన ఆదివారం భోజనాలయినాక ఆయన పడకకుర్చీ ప్రక్కన స్టూలు వేసికొని చదివాను. తాళంచెవుల దగ్గర నా గొంతు కొంచెం తగ్గింది. ఆయన కళ్ళు మూసుకొని ఉన్నారు. నిద్రపోయారేమో అనుకొన్నాను. చదవటం ఆపి కాగితాలు మడుస్తుంటే అన్నారు:

“మూడు కాదురా, నాలుగు. నాలుగోది చిన్నది. బావి ప్రక్క గదిది. దాన్లో నా పలక ఉండేది.”

జేబులోని పెన్ను తీసి ‘మూడు’ అన్న మాట మీద ఒక గీత గీశాను.